రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ నడకదారులు: మైళ్ళు చూసి మోసపోవద్దు

అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళు కొలరాడోలో డ్రీమ్ లేక్ బోర్డు ముందు నిలబడి, 1.1 మైలు అన్న అంకె చూసి ‘ఇంతేనా’ అనుకోవడం సహజం. దూరం నిజంగా అంతే. తేడా అంతా ఎత్తులో ఉంది. తిరుమల సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తులో ఉంటే, డ్రీమ్ లేక్ నడక మొదలయ్యే బేర్ లేక్ పార్కింగే 9,475 అడుగుల మీద ఉంది. దక్షిణ భారతంలోకెల్లా ఎత్తయిన ఆనముడి శిఖరం 8,842 అడుగులు. ఇక్కడ కారు తలుపు తీసేసరికే దాన్ని దాటి మరో 600 అడుగులు పైకి వచ్చేసి ఉంటారు. ఆ గాలిలో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదానిలో దాదాపు 70 శాతం. విశాఖ బీచ్ రోడ్డు మీద రోజూ నాలుగు మైళ్ళు నడిచే మనిషి ఇక్కడ అర మైలుకే ఆగిపోతే అది ఒంట్లో సత్తువ లేక కాదు.

అందుకని ఈ పార్కు దారులను ఇక్కడ ఎత్తు, గంట, నెల చూసి తూకం వేస్తున్నాం. మైళ్ళు ఆ తర్వాతి సంగతి. 1915 జనవరి 26న ఏర్పడ్డ ఈ పార్కులో 300 మైళ్ళకు పైగా నడకదారులున్నాయి. వాటిలో డెన్వర్ నుంచి వారాంతంలో వెళ్ళే కుటుంబాలకు, దేశం నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకు, కాస్త కాలు సాగిన కుర్రవాళ్ళకు పనికొచ్చేవి ఏవో, ఎక్కడ తేడా కొడుతుందో చెప్తాం.

ముందు గేటు దాటాలి

పార్కులో అన్నిటికన్నా చిరాకు పెట్టేది నడక కాదు, ప్రవేశం. ఇటీవలి ఏళ్ళలో మే చివరి వారం నుంచి అక్టోబర్ మధ్యదాకా టైమ్డ్ ఎంట్రీ రిజర్వేషన్ పెడుతున్నారు. అది రెండు రకాలు. బేర్ లేక్ రోడ్డు కూడా కలిసినది ఒకటి, అది లేకుండా మిగతా పార్కుకు మాత్రమే చెల్లేది ఇంకొకటి. బేర్ లేక్ రోడ్డుకు ఉదయం 5 నుంచి సాయంత్రం 6 దాకా, మిగతా పార్కుకు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా రిజర్వేషన్ ఉండాలి. ఎక్కువమంది చేసే పొరపాటు రెండో రకం కొనుక్కుని బేర్ లేక్ మలుపు దగ్గరకు వెళ్ళడం. అక్కడినుంచి వెనక్కి పంపేస్తారు. బేర్ లేక్ దారిలోని పార్క్ అండ్ రైడ్ స్థలానికి వెళ్ళి షటిల్ ఎక్కుదామన్నా అదే రిజర్వేషన్ కావాలి, ఎందుకంటే ఆ స్థలం కూడా ఆ రోడ్డు మీదే, తనిఖీ దాటాకే ఉంది.

టికెట్లు రిక్రియేషన్ డాట్ గవ్ సైటులో ప్రతి నెల 1వ తేదీ ఉదయం 8 గంటలకు, కొలరాడో టైము ప్రకారం, తర్వాతి నెలకు విడుదలవుతాయి. రుసుము 2 డాలర్లు, ప్రవేశ రుసుము దీనికి అదనం. దొరక్కపోతే నిరాశపడక్కర్లేదు. కొన్ని టికెట్లు ఆపి ఉంచి, ముందురోజు రాత్రి 7 గంటలకు వదులుతారు. 6:55కే లాగిన్ అయి, కార్డు వివరాలు ముందే నింపి పెట్టుకుంటే అవకాశం బాగుంటుంది. టికెట్‌లో రాసిన రెండు గంటల గడువులోపు గేటు దాటాలి, లోపల ఎంతసేపున్నా ఎవరూ అడగరు. టికెట్‌ను ఫోన్లో డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి. గేటు దగ్గర సిగ్నల్ సరిగా ఉండదు, నడకదారుల మీద చాలా చోట్ల అసలే ఉండదు. మ్యాపు కూడా ఆఫ్‌లైన్‌లో దించుకుంటే మేలు.

2026 నుంచి ఇంకో మార్పు వచ్చింది. అమెరికా నివాసులు కానివారికి ఈ పార్కుతో కలిపి 11 పెద్ద పార్కుల్లో మామూలు ప్రవేశ రుసుము కాక తలకు 100 డాలర్లు అదనం. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు ఈ లెక్కలోకే వస్తారు. వార్షిక పాస్‌లో కూడా నివాసులకు 80 డాలర్లు, కానివారికి 250 డాలర్లు అని రెండు ధరలున్నాయి. ఇంటిల్లిపాదీ బయల్దేరేముందు ఎవరికెంత పడుతుందో పార్కు ఫీజుల పేజీలో సరిచూసుకోండి. గేటు దగ్గర తెలుసుకునే సంగతి కాదు ఇది.

రిజర్వేషన్ పద్ధతి మీద మా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, అది ఉండాల్సిందే. దాని పుణ్యమా అని పార్కింగ్ కోసం తిరిగే కార్లు తగ్గాయి, దారుల మీద జనం గంటల వారీగా విడిపోయారు. ఉదయం 5కి ముందే బేర్ లేక్ మలుపు దాటగలిగితే టికెట్టే అక్కర్లేదు. పెద్ద నడకలకు బయల్దేరాల్సింది ఎలాగూ ఆ వేళకే.

బేర్ లేక్ నుంచి ఎమరాల్డ్ దాకా

ఒక్క దారే నడిచే వీలుంటే ఇదే నడవండి. బేర్ లేక్ నుంచి అర మైలుకు నింఫ్ లేక్, 1.1 మైలుకు డ్రీమ్ లేక్, 1.8 మైలుకు ఎమరాల్డ్ లేక్. రానుపోను 3.6 మైళ్ళు, మొత్తం ఎక్కుడు సుమారు 650 అడుగులు. ఇంత తక్కువ శ్రమకు మూడు సరస్సులు, ఎదురుగా హాలెట్ శిఖరం, చివర టిండాల్ లోయ గోడ కనిపించే దారి ఈ పార్కులో మరోటి లేదు. ఆగుతూ, ఫోటోలు తీసుకుంటూ వెళ్తే మూడు గంటలు. అరవై దాటినవాళ్ళతో నాలుగు గంటలు పెట్టుకోండి.

కష్టం ఎక్కడుందో ముందే తెలుసుకోవాలి. మొదటి అర మైలు, అంటే నింఫ్ లేక్ వరకు, ఆపకుండా ఎక్కుడే. ఒంటికి ఎత్తు ఇంకా అలవాటు కాని సమయంలో వచ్చే ఎక్కుడు కాబట్టి ఆయాసం అక్కడే ఎక్కువ. చాలామంది ‘మొదటే ఇలా ఉంటే చివరెలా ఉంటుందో’ అని అక్కడినుంచే తిరిగిపోతారు. నిజానికి నింఫ్ దాటాక దారి మెత్తబడుతుంది. మాట్లాడుతూ నడవగలిగే వేగం దాటకూడదు. వాక్యం మధ్యలో ఊపిరి అందక ఆగాల్సి వస్తోందంటే వేగం ఎక్కువైనట్టే. నింఫ్ దగ్గర పది నిమిషాలు కూర్చుని నీళ్ళు తాగి లేస్తే మిగతా దారి సాగుతుంది. డ్రీమ్ నుంచి ఎమరాల్డ్ దాకా రాళ్ళ మెట్లు, వాగు పక్కన తడి బండలు ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు డ్రీమ్ దగ్గర ఆగిపోయినా పోయేదేమీ లేదు. మా లెక్కలో మూడింటిలోకీ అందమైనది అదే, సూర్యోదయం వేళ గాలి లేనప్పుడు హాలెట్ శిఖరం నీళ్ళలో నిలబడి కనిపిస్తుంది. అందుకే ఆ వేళకు అక్కడ ట్రైపాడ్‌ల వరస కూడా ఉంటుంది.

ఇక నెల సంగతి. మైదానంలో ఎండలు మండే మే నెలలో కూడా ఈ దారి మంచు కిందే ఉంటుంది. నీడ ఎక్కువ, జనం తొక్కిడి ఎక్కువ. ఆ తొక్కిడికి మంచు గట్టిపడి గాజులా మారుతుంది. జూన్ మధ్యదాకా, ఒక్కో ఏడాది ఆ తర్వాత కూడా, మామూలు బూట్లతో నడిస్తే జారడం ఖాయం. బూట్లకు తొడుక్కునే మైక్రోస్పైక్స్ ఎస్టెస్ పార్క్ ఊళ్ళో అద్దెకు దొరుకుతాయి. రబ్బరు పట్టీ బూటు మీద బిగుతుగా కూర్చుందో లేదో దుకాణంలోనే తొడిగి చూసుకోండి, వదులైతే దిగుడులో పక్కకు తిరుగుతుంది. కొత్తగా లోతుగా మంచు పడినప్పుడు స్పైక్స్ పనిచేయవు, కాలు మంచులో కూరుకుపోకుండా ఆపే వెడల్పాటి స్నోషూస్ కావాలి. ఏటవాలు మంచు మీద రెండూ భరోసా ఇవ్వవు. చలికాలంలో ఎమరాల్డ్ పక్కనున్న వాలుల మీద హిమపాతాలు జరుగుతాయి కాబట్టి ఆ నెలల్లో సరస్సు దాటి ముందుకు పోవద్దు. గడ్డకట్టిన సరస్సు మీద నడవడం కూడా తగదు. వాగు లోపలికి, బయటికి వచ్చే చోట్ల మంచు పలుచగా ఉంటుంది, పైనుంచి చూస్తే తెలియదు.

డ్రీమ్ లేక్ దగ్గర చీలే దారి లేక్ హయాహాకు వెళ్తుంది. బేర్ లేక్ నుంచి 2.1 మైళ్ళు. 2022 జూన్ 28న హాలెట్ శిఖరం పక్కనున్న కేయాస్ లోయలో కొండచరియ విరిగిపడింది. ఆ రాతిపొడి నీళ్ళలో కలిసి, అప్పటిదాకా మామూలుగా ఉన్న సరస్సు పాలు కలిపిన నీలిపచ్చగా మారింది. రంగు కోసమే ఇప్పుడు జనం వస్తున్నారు. చివరి కొన్ని వందల అడుగులు పెద్ద పెద్ద బండల మీదుగా దాటాలి. చిన్నపిల్లల్ని భుజాన ఎత్తుకుని ఆ బండలు దాటే ప్రయత్నం చేయకండి, ముందు అడుగు కనబడదు. హయాహా నుంచి గ్లేసియర్ గార్జ్ వైపు దిగే కలుపుదారి ఒకటుంది. రాళ్ళు ఎక్కువ, జనం తక్కువ. ఆ దారిన దిగి ఆల్బర్టా ఫాల్స్ చూసుకుని గ్లేసియర్ గార్జ్ దగ్గర షటిల్ ఎక్కితే, నడిచిన దారినే మళ్ళీ నడిచే పని ఉండదు. ఓపిక ఉన్నవాళ్ళకు ఎమరాల్డ్ ఒక్కటీ చూసి రావడంకన్నా ఇది మేలు.

గ్లేసియర్ గార్జ్ వైపు

ఇక్కడి పార్కింగ్ చాలా చిన్నది. వేసవిలో తెల్లవారకముందే నిండిపోతుంది. కాబట్టి పార్క్ అండ్ రైడ్‌లో కారు పెట్టి షటిల్‌లో రావడం, లేదా బేర్ లేక్ నుంచి అర మైలు నడిచి ఈ దారిలో కలవడం మంచిది. సాయంత్రం చివరి షటిల్ వేళ పొద్దున ఎక్కేటప్పుడే బోర్డు మీద చూసి ఫోటో తీసుకోండి. అది తప్పితే కారు దాకా రోడ్డు పట్టుకుని చీకట్లో నడవాలి.

ఆల్బర్టా ఫాల్స్ 0.8 మైలు, ఎక్కుడు 200 అడుగుల లోపే. పిల్లలకు బాగుంటుంది, కానీ జాతరలా ఉంటుంది. అక్కడే ఆగిపోయేవాళ్ళు ఎక్కువ కాబట్టి దాటి వెళ్ళినవాళ్ళకు దారి ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. 2.8 మైళ్ళ దగ్గరున్న మిల్స్ లేక్‌కు ఈ వైపు మా మొదటి ఓటు. ఎక్కుడు సుమారు 750 అడుగులు, అదీ నెమ్మదిగా పరుచుకుని ఉంటుంది. ఈ పార్కు కోసం ఏళ్ళ తరబడి ప్రచారం చేసిన ఈనోస్ మిల్స్ పేరు పెట్టారు దీనికి. ఒడ్డున పెద్ద చదును బండలున్నాయి. కూర్చుని తెచ్చుకున్నది తినడానికి ఇంతకన్నా మంచి చోటు ఈ వైపు లేదు. డ్రీమ్ లేక్ గుంపు చూసి విసుగొచ్చినవాళ్ళు ఇటు రావాలి.

మిల్స్ లేక్ దారి చీలే కూడలి నుంచి ఇంకో దారి ది లాక్ సరస్సుకు, అక్కడినుంచి స్కై పాండ్‌కు వెళ్తుంది. ది లాక్ 3 మైళ్ళు, ఎక్కుడు దాదాపు 1,000 అడుగులు. స్కై పాండ్ 4.9 మైళ్ళు, ఎక్కుడు 1,780 అడుగులు, సరస్సు 10,900 అడుగుల ఎత్తులో. అందంలో పార్కులో మొదటి మూడు దారుల్లో ఇదొకటి. ఒక్క చోట మాత్రం ఇది మామూలు నడక కాదు. టింబర్‌లైన్ ఫాల్స్ పక్కన సుమారు 100 అడుగులు చేతులు పెట్టి పాకుతూ ఎక్కాలి. జలపాతం తుంపర ఆ బండల మీదే పడుతుంది, వేసవి మొదట్లో అది గడ్డకట్టి కూడా ఉంటుంది. ఎక్కేటప్పుడు అంత భయం వేయదు. దిగేటప్పుడు కాలు పెట్టే చోటు కనబడక చాలామంది మధ్యలో బిగుసుకుపోతారు, కింద ఎక్కేవాళ్ళు ఆగిపోయి రద్దీ అవుతుంది. ముఖం బండవైపు తిప్పి, రెండు చేతులూ ఒక కాలూ గానీ, రెండు కాళ్ళూ ఒక చెయ్యీ గానీ ఎప్పుడూ ఆనించి ఉంచి దిగాలి. ట్రెక్కింగ్ కర్రలు ముందే మడిచి సంచిలో పెట్టేయాలి. బండలు తడిగా కాక గాజులా మెరుస్తుంటే అది మంచు, అక్కడితో తిరిగి రావడమే సరైన పని. ది లాక్ చూశారు కాబట్టి రోజు వృథా కాదు. పొద్దున 6కి నడక మొదలుపెడితే 11 లోపు స్కై పాండ్ చూసి దిగడం మొదలుపెట్టవచ్చు.

ఈ గంటల లెక్క ఎందుకంటే

జూలై, ఆగస్టు నెలల్లో ఇక్కడ పొద్దున ఆకాశం అద్దంలా ఉండి, మధ్యాహ్నానికి ఉరుములతో విరుచుకుపడటం దాదాపు దినచర్య. పొద్దుటి ఎండకు వేడెక్కిన గాలి కొండవాలు వెంట పైకి లేచి, 10 గంటలకల్లా శిఖరాల మీద దూదిముద్దల్లాంటి మేఘాలు కడుతుంది. అవి అడ్డంగా కాక నిలువుగా పెరుగుతున్నాయంటే గంట, రెండు గంటల్లో పిడుగులు. సుమారు 11,400 అడుగుల పైన చెట్లుండవు. అక్కడ మనిషే ఎత్తయిన వస్తువు. 2014 జూలైలో ట్రైల్ రిడ్జ్ రోడ్డు ప్రాంతంలో వరుసగా రెండు రోజుల్లో ఇద్దరు పిడుగుపాటుకు చనిపోయారు. మధ్యాహ్నం 12 కల్లా చెట్ల వరస కిందికి దిగి ఉండాలన్న నియమాన్ని అందుకే గట్టిగా చెప్తారు. పైన ఉండగా ఉరుము వినిపిస్తే ఫోటో కోసం ఆగొద్దు. గట్టు మీదనుంచి దిగండి, ఒంటరి చెట్టు కిందకు చేరకండి, ఒకరికొకరు దూరంగా నడవండి. ఎస్టెస్ పార్క్ ఊరి వాతావరణం చూసి కొండ వాతావరణం ఊహించకూడదు. వెయ్యి అడుగులకు 3 నుంచి 5 డిగ్రీల ఫారెన్‌హీట్ చొప్పున చల్లబడుతుంది, గాలి దానికి తోడు.

పెద్దవాళ్ళతో, పసిపిల్లలతో

స్ప్రేగ్ లేక్ చుట్టూ మైలులోపు చదును దారి ఉంది, చక్రాల కుర్చీ, స్ట్రోలర్ రెండూ వెళ్తాయి. బేర్ లేక్ చుట్టుదారి కూడా పొట్టిదే గానీ ఎగుడుదిగుళ్ళున్నాయి. స్ట్రోలర్‌ను స్ప్రేగ్‌కే తీసుకెళ్ళండి. బేర్ లేక్ రోడ్డు టికెట్ దొరకనివాళ్ళకు హైవే 7 మీదున్న లిలీ లేక్ చుట్టుదారి మంచి బదులు. ఉదయం 9 లోపు వెళ్తే అక్కడ రిజర్వేషన్ అడ్డం రాదు. ఫాల్ రివర్ గేటు వైపున్న అల్యూవియల్ ఫ్యాన్ దగ్గర పెద్ద రాళ్ళ గుట్టలు పరచుకుని కనిపిస్తాయి. 1982 జూలై 15న పైనున్న లాన్ లేక్ ఆనకట్ట తెగినప్పుడు వరద మోసుకొచ్చిన రాళ్ళవి. ఇప్పుడక్కడ వేసిన దారి సుఖంగా ఉంది. పిల్లలు నీళ్ళ పక్కన రాళ్ళెక్కుతామని మారాం చేస్తారు. ఆ రాళ్ళు నున్నగా ఉంటాయి, నీటి వేగం చూసినదానికన్నా ఎక్కువ, చెయ్యి వదలకండి.

డెన్వర్‌లో దిగిన మర్నాడే పైకి తీసుకెళ్ళొద్దు. డెన్వర్‌లోనే 5,280 అడుగులు. అక్కడ ఒకటి రెండు రోజులు, తర్వాత 7,522 అడుగుల ఎస్టెస్ పార్క్‌లో ఒక రాత్రి గడిపి మర్నాడు పొద్దున నడిస్తే ఒళ్ళు చాలావరకు సర్దుకుంటుంది. తలనొప్పితో పాటు వికారమో, తల తిరగడమో, ఏమీ తినబుద్ధి కాకపోవడమో కలిస్తే అది ఎత్తు దెబ్బే. కూర్చోబెట్టి ఓదారిస్తే తగ్గదు, కిందికి దిగాలి. వెయ్యి రెండు వేల అడుగులు దిగితే తేలికపడుతుంది. కూర్చున్నా తగ్గని ఆయాసం, తూలుతూ నడవడం, మాట తడబడటం కనిపిస్తే అది అత్యవసరం, వెంటనే దించి సాయం పిలవాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళు, బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవాళ్ళు ప్రయాణానికి ముందే డాక్టరును అడగాలి. షుగర్ ఉన్నవాళ్ళు మీటరునూ ఇన్సులిన్‌నూ చొక్కా లోపలి జేబులో ఉంచుకోండి. చలికి మీటర్లు మొరాయిస్తాయి, ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు.

బట్టల విషయంలో మన అలవాటు కొంచెం మార్చుకోవాలి. జీన్స్, కాటన్ చుడీదార్ తడిస్తే గంటల తరబడి ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. చెమట పీల్చే సింథటిక్ లోచొక్కా, దానిమీద ఫ్లీస్, పైన వాన ఆపే జాకెట్ ఉంటే జూలైలో కూడా వాడుకలోకి వస్తాయి. నాన్నగారి మంకీ క్యాప్ ఇక్కడ నిజంగా పనికొచ్చే వస్తువు, తీసుకెళ్ళండి. చీర కట్టుకున్నవాళ్ళు స్ప్రేగ్ లేక్ చుట్టూ హాయిగా తిరగొచ్చు. రాళ్ళ మెట్ల దారుల్లో మాత్రం కుచ్చెళ్ళు కాలికి అడ్డం పడతాయి. చెప్పులు వద్దు, పాత వాకింగ్ షూస్ అయినా అట్ట అరగనివి చాలు.

నీళ్ళు ఊళ్ళోనే నింపుకోండి. ఎమరాల్డ్‌కు తలకు లీటరున్నర, స్కై పాండ్‌కు మూడు లీటర్లు. వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా ఫిల్టర్ చేయకుండా తాగితే జియార్డియా అనే క్రిమి వల్ల కడుపుబ్బరం, విరేచనాలు వారాల తరబడి వదలవు. పులిహోర తీసుకెళ్తారు గానీ పైన చలికి అన్నం బిరుసెక్కుతుంది, గాలిలో చేత్తో తినడం కూడా ఇబ్బంది. చపాతీలో కూర చుట్టి తేవడం, జంతికలు, పల్లీ చిక్కీ, ఎండుద్రాక్ష మేలు. ఉప్పూ తీపీ రెండూ ఉండాలి. తొక్కలు, కరివేపాకు, మిరపకాయ తొడిమెలు కూడా సంచిలో వెనక్కి తేవాలి. అంత ఎత్తున, అంత చలిలో అవి కుళ్ళడానికి ఏళ్ళు పడతాయి. ఉడుతల్లాంటి చిప్‌మంక్‌లు కాళ్ళ దగ్గరకొచ్చి అడుక్కుంటాయి. పెట్టడం నేరం, పైగా కరుస్తాయి.

మిగతా దారుల గురించి నాలుగు మాటలు

జెమ్ లేక్ 1.7 మైళ్ళు, ఎక్కుడు 1,000 అడుగులు, సరస్సు 8,830 అడుగుల మీద. రాతి మెట్లు ఎక్కువ. శ్రీవారి మెట్టు ఎక్కినవాళ్ళ కాళ్ళకు బాగా పరిచయమైన శ్రమ ఇది, ఎత్తు కూడా మిగతావాటికన్నా తక్కువ. బేర్ లేక్ దారులు మంచులో ఉన్నప్పుడు ఇక్కడ నేల ముందే ఆరుతుంది. డీర్ మౌంటెన్ 3 మైళ్ళు, 10,013 అడుగుల శిఖరం. శిఖరం ఎక్కాలన్న సరదా తీరడానికి చాలు. నీడా నీరూ తక్కువ కాబట్టి పొద్దున 7కే మొదలుపెట్టాలి. వైల్డ్ బేసిన్‌లో ఊజెల్ ఫాల్స్ 2.7 మైళ్ళు, దారంతా నీటి చప్పుడు, జూన్ నెలాఖరులో బాగుంటుంది. ఫ్లాట్‌టాప్ 4.4 మైళ్ళలో 2,849 అడుగులు ఎక్కిస్తుంది. పైన విశాలమైన చదును నేల, పిడుగుకు దాక్కునే చోటు లేదు. ఫెర్న్ లేక్ వైపు, పడమటి వైపు 2020 మంటల్లో కాలిన అడవి చాలా ఉంది. గాలి వీచే రోజున ఆ మోడుల కింద ఆగొద్దు, చప్పుడు లేకుండా కూలతాయి.

14,259 అడుగుల లాంగ్స్ పీక్‌ను నడకదారుల జాబితాలో పెట్టడమే పొరపాటు. కీహోల్ అనే రాతి సందు మీదుగా పోయే దారిలో రానుపోను సుమారు 15 మైళ్ళు, 5,000 అడుగుల ఎక్కుడు. కీహోల్ దాటాక లెడ్జెస్, ట్రఫ్, న్యారోస్, హోమ్‌స్ట్రెచ్ అన్న నాలుగు భాగాల్లోనూ పక్కన లోయ, కింద బండ. జారితే ఆగే చోటుండదు. రాత్రి 2, 3 గంటలకు బయల్దేరతారు. మంచు లేని కొన్ని వారాలే అనుభవం తక్కువున్నవాళ్ళకు అవకాశం, అవి సాధారణంగా జూలై మధ్య నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకా. ఆఫీసు బ్యాచ్‌గా వచ్చి ‘అందరం పైకే’ అని పంతం పట్టే శిఖరం కాదిది. నడక మొదలయ్యే అదే చోటు నుంచి చాజమ్ లేక్ 4.2 మైళ్ళు. లాంగ్స్ తూర్పు గోడ కిందికే తీసుకెళ్తుంది, శిఖరం ఎక్కిన తృప్తిలో ముప్పాతిక వంతు ఇస్తుంది.

జంతువుల్లో ఎలుగుబంటి కన్నా మూస్ అనే భారీ దుప్పిజాతి జంతువుతోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. చెవులు వెనక్కి వాల్చి, మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే అది తరమబోతోందని గుర్తు. చెట్టు వెనక్కి పరుగెత్తాలి. మూస్‌కు, ఎలుగుకు 120 అడుగుల దూరం, ఎల్క్ అనే పెద్ద దుప్పికి 75 అడుగులు. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఎల్క్ మగవి జతకోసం కొట్లాడుతుంటాయి. అప్పుడు మొరైన్ పార్క్ లాంటి పచ్చిక మైదానాల్లోకి సాయంత్రం నుంచి పొద్దుటిదాకా మనుషుల్ని రానివ్వరు. రోడ్డు పక్కనే నిలబడి వినండి, పిల్లనగ్రోవి విరిగినట్టుండే ఆ అరుపు ఒక్కసారి వింటే చాలు.

నడవలేనివాళ్ళకు ట్రైల్ రిడ్జ్ రోడ్డు ఉంది. 48 మైళ్ళు, గరిష్ఠ ఎత్తు 12,183 అడుగులు, మే చివర తెరిచి అక్టోబర్‌లో మూస్తారు. ఆల్పైన్ విజిటర్ సెంటర్ 11,796 అడుగుల దగ్గర ఉంది. దాని పక్కన మెట్లదారి 0.3 మైలే కదా అని పెద్దవాళ్ళను ఎక్కించకండి. అది 12,005 అడుగులకు చేరుతుంది, కారులోంచి దిగి నేరుగా ఎక్కితే గుండె దడదడలాడుతుంది. రాక్ కట్ దగ్గర తారు వేసిన దారి దానికన్నా నెమ్మది. చెట్లు పెరగని ఆ చలి నేల (టండ్రా) మొక్కల మీద అడుగు పెట్టొద్దు, వేలెడు మొక్క పెరగడానికి దశాబ్దాలు పట్టి ఉంటుంది. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకుండా గేరును 2కో, L (లో)కో మార్చి ఇంజనుతో వేగం ఆపుకోండి. కాలిన వాసన వస్తే రోడ్డు పక్కన ఆపుకునే చోట (పుల్‌అవుట్) ఆపి అరగంట చల్లారనివ్వాలి, చక్రాల మీద నీళ్ళు పోయకూడదు.